నూటికి యాభై రెండు

లూయిస్టన్‌లో ఫిబ్రవరి. ఆస్పత్రి వెనక
ఆండ్రోస్కోగిన్ నది సగం గడ్డకట్టి, సగం గొణుక్కుంటూ.
పదిన్నరకి వచ్చాడు షిర్వా గూలేద్.
కోటు విప్పనన్నాడు. అల్లిక టోపీ మాత్రం తీసి
మోకాలి మీద పెట్టుకున్నాడు, పిల్లికూనని పెట్టుకున్నట్టు.

గది గోడలకి నురుగు. తలుపు మూస్తే
మన నెత్తురు మనకే వినబడుతుంది.
"ఇంత నిశ్శబ్దం ఎవరైనా పోయాకే చూశాను"
అన్నాడట. దుబాసీ పిల్ల నవ్వుతూ చెప్పింది.

ముందు కూతలు. సన్నవి, బొంగురువి.
వినబడినప్పుడల్లా మీట నొక్కాలి. నొక్కాడు.
తర్వాత మాటలు.
యాభై, ఒక్కొక్కటీ ఒక్క ఊపిరి,
ఎప్పుడో రికార్డు చేసిన మగగొంతు,
జలుబు చేయని, ఎవరినీ ప్రేమించని గొంతు.
"పేర్" అంటుంది అది. "బేర్" అంటాడు ఇతను.
పండు అడిగితే ఎలుగుబంటిని తెచ్చాడు.
"పిల్" అంటే "బిల్".
మాత్ర అడిగితే చీటీ చేతికిచ్చాడు.
ఆమాటకొస్తే ఈ దేశంలో ఆ రెండూ కలిసే వస్తాయి.

తప్పు, తప్పు, తప్పు. నా పెన్సిలు గీస్తూ పోయింది.
కూడితే నూటికి యాభై రెండు.
ఈ అంకెని నమ్మితే రెండు చెవులకీ మిషన్లు పెట్టాలి.
కుడిచెవి కూతల గీత మాత్రం
కొత్తగా వేసిన రోడ్డులా తిన్నగా ఉంది.
ఆ చెవి వింటోంది.
మరి విననిదెవరు?

ఆయన నాలుకకి 'ప' లేదు.
పుట్టినప్పుడు ఆ భాష ఇవ్వలేదు, అంతే.
మా అమ్మమ్మకి 'త్రీ' లేనట్టు.
ఫ్రెంచి తప్ప రాని మిల్లు కూలి, ముప్పై ఏళ్ళు మగ్గాల మధ్య.
పిల్లలెందరంటే వేళ్ళు చూపి "ట్రీ" అందట.
చెట్ల లెక్క అడగలేదమ్మా, అని డాక్టరు నవ్వాడట.
ఆ తర్వాత ఏ డాక్టరు ఏమడిగినా తలూపడమే.
చెవుడు ముదిరిందని మాకు తెలిసేసరికి
మేం పిలవడం మానేశాం.

జాబితా బోర్లించాను.
"నువ్వు చదువు" అన్నాను ఇల్వాద్‌తో. "మీ మాటలు, ఇంట్లోవి.
నోటికి కాగితం అడ్డం పెట్టుకుని."
ఇది పరీక్ష కాదని తెలుసు. దీనికి పట్టికల్లేవు,
పుస్తకం ఒప్పుకోదు.

ఆ పిల్లకి పంతొమ్మిది. ఈ ఊళ్ళోనే పుట్టింది.
ఒంటె, అంది. వాన. తాళంచెవి.
ఆయన తిరిగి చెప్పాడు, నడుము నిటారు చేసి.
తర్వాత ఏదో అంది. ఆయన అనలేదు.
నేను పెన్సిలు ఎత్తాను.
గాజు అవతల ఆయన భుజాలు కదిలేలా నవ్వాడు.

"ఏమంటాడు?"
ఇల్వాద్ కాగితం వెనకనుంచి రాలేదు.
"నేను 'ఆనో' అన్నాను. గొంతు లోపల్నుంచి నొక్కి అనాలిట.
నొక్కితే పాలు. నొక్కకపోతే వంశాల మధ్య పగ.
పాలు అడగబోయి పగ అడిగావు తల్లీ, అంటున్నాడు."

ఇక పావుగంట ఆయనే పరీక్ష పెట్టాడు.
అటునుంచి ఒక మాట,
ఇటునుంచి ఇల్వాద్, కంఠం మీద వేళ్ళు పెట్టుకుని.
నన్నూ అనమన్నాడు. అన్నాను.
ఎన్ని మార్కులో చెప్పలేదు గానీ
టోపీతో మొహం కప్పుకున్నాడు.

అంతా బాగుందని రాసేయబోయాను.
అప్పుడు చూశాను ఎడమచెవి గీత,
యాభై రెండు మీది కోపంలో పక్కకి నెట్టేసింది.
సన్నటి కూతల దగ్గర అది జారిపోయింది
మెట్లు లేని బావిలోకి.
లారీ తోలేవాడట, కిస్మాయో దారిలో ఇరవై రెండేళ్ళు,
కిటికీ అద్దం దించే ఉండేది.
ఆ పక్క 'స' పోయింది. ఇంగ్లీషు 'స' కాదు, ఎవరిదైనా.
మనవరాలు ఆ చెవిలో రహస్యం చెప్పి
జవాబు రాక అలిగిందట పోయిన వారం.
ఇదివరకు చెప్పలేదేం?
ఎవరూ అడగలేదట.

ఒక చెవికి ఒక మిషను.
అంకె రాయాల్సిన గడిలో వాక్యం రాశాను,
కంప్యూటరు ఎర్రబడింది, అంకె కావాలంది.
మళ్ళీ వాక్యమే రాశాను.

కారిడార్లో ఇల్వాద్ అంటూనే ఉంది.
లిఫ్టు తలుపు మూసుకునేదాకా వినబడింది,
ఒకసారి పాలు,
ఒకసారి పగ.